నీలం చొక్కాల నడుమ

మామయ్య ప్యాంటు మోకాళ్ళ దగ్గర అంటిన తెల్లరంగును బ్రష్షుతో రుద్దుతున్నాను. గ్రౌండులో గీతలు గీసే రంగు అది. రాత్రంతా నానబెట్టినా, ఎంత సబ్బు పెట్టినా, ఆరాక చూస్తే మళ్ళీ పలచగా పైకి తేలుతుంది. ఫోనును బకెట్టుకు ఆనించి పెట్టాను. వీడియో కాల్‌లో మా ఆయన మంగళూరు హాస్టల్ గదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎడమ మోకాలి మీద ఐసు సంచి ఉంది.

"అది తీసి చూపియ్యి," అన్నాను.

"ఏముందని చూస్తవ్?"

"చూపియ్యి."

తీశాడు. కుడి మోకాలి చిప్పకు రెండు పక్కలా చిన్న గుంటలున్నాయి. ఎడమ మోకాలికి ఆ గుంటలు లేవు. నున్నగా, ఉబ్బి, వేరే ఎవరి కాలో తెచ్చి అతికించినట్టుంది.

ఆయన పేరు మధుకర్. పెళ్ళై రెండేళ్ళయినా పేరు పెట్టి పిలవడం నాకు చేతకాలేదు. ఆయన ఫుట్‌బాల్ గోల్‌కీపర్. నిరుడు దాకా మన హైదరాబాద్ జట్టులో రెండో గోల్‌కీపర్‌గా బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్ళు వదిలేస్తే మంగళూరు వాళ్ళు ఒక్క సీజన్‌కు తీసుకున్నారు. దీపావళి తర్వాత ఒక మ్యాచ్‌లో మోకాలు తిరిగింది. జట్టు డాక్టరుకు చెప్పకుండా బయట చూపించుకున్నాడు.

"ఆ డాక్టరేమన్నడు?"

"గట్టి నేల మీద ఏం గాదన్నడు. మెత్తటి నేలల కాలు దిగబడి ఒళ్ళు తిరిగితెనే పరేషాన్ అన్నడు. పట్టీ కట్టుకుంట. సీజన్ అయిపోయేలోపు రెండేండ్ల కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టిస్తమన్నరు వర్షితా. మోకాలు సంగతి బయట పడితె ఆ కాగితం ఇగ రాదు."

"మామయ్యకన్న చెప్పనా?"

"వద్దు! నాన్న ఇరవై ఏండ్ల సంది గ్రౌండ్ల మనిషి. ఆయన పరేషాన్ అయితడు, ఎవరన్న ఏమైందని అడుగుతరు, ఒక్కరికి చెప్తడు. సాయంత్రానికి హైదరాబాద్ కోచ్‌కు తెలుస్తది. ఇగ అందరు నా ఎడమ దిక్కే కొడ్తరు. ఎవరికీ చెప్పకు."

"చెప్ప," అన్నాను.

మాట్లాడకుండా ఉండటం నాకు కష్టం కాదు. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. హాజరు పిలిచినప్పుడు తప్ప నా గొంతు ఎలా ఉంటుందో మా టీచర్లకే తెలియదు.

*

ఫిబ్రవరిలో మంగళూరు జట్టు ఇక్కడికి వచ్చింది. మా ఇల్లు నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో, అద్దాల టవర్ల వెనక, పై అంతస్తులో రెండు గదులు. షేరింగ్ ఆటోలో పది నిమిషాలు పోతే స్టేడియం. మా మామయ్య రామచంద్రం అక్కడ గడ్డి కోస్తాడు, నీళ్ళు పెడతాడు, గీతలు గీస్తాడు. ఆయన కొడుకు ఆ గడ్డి మీదే పెరిగాడు.

మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు మామయ్య రెండు పాసులు, రెండు నీలం చొక్కాలు తెచ్చి మంచం మీద పెట్టాడు. నీలం మన జట్టు రంగు. మంగళూరు వాళ్ళది ముదురు ఎరుపు.

"గివేంది?" అంది మా అత్త పోచమ్మ. ఆమె టవర్లలో ఒకదాంట్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"స్టాఫ్ ఇంటోళ్ళకు ఇచ్చిండ్రు. మన గ్యాలరీల సీట్లు."

"నేను మంగళూరోళ్ళ దిక్కు కూసుంట. టికెట్ నేనే కొంట."

"వెంకటరామయ్య సార్ పిలిచి మరీ చెప్పిండు." వెంకటరామయ్య గ్రౌండు సూపర్‌వైజరు. "స్టాఫ్ మనుషులు అటు దిక్కు టీవీల కనవడితె వచ్చే నెల లిస్టుల నా పేరుండదు. మీ ఇంటి మీద అందరి కన్నుంది రామచంద్రం అన్నడు."

కన్ను ఎందుకుందో మాకు తెలుసు. మంగళూరులో ఆడిన మ్యాచ్‌లో మా ఆయన మన వాళ్ళ పెనాల్టీ ఆపాడు. ఆపి, చొక్కా మీద ఉన్న మంగళూరు గుర్తును ముద్దు పెట్టుకున్నాడు. ఆ ఫొటో ఇక్కడ అందరి ఫోన్లలోకీ వచ్చింది. దాని కింద ఏం రాశారో నేను చదివాను. అత్తకు చదవడం రాదు, అదొక్కటే మేలు.

"అంటె నా కడుపున పుట్టినోని మీదికి నేను నీలమంగీ ఏసుకొని పోవాల్నా?"

"లోపల నీ ఇష్టమొచ్చిన చీర కట్టుకో. పైన ఇదేసుకో. నోరు మాత్రం తెరవకు."

"నోరు తెరవకపోతె నేను పోచమ్మనెట్లయిత?"

"నీ కోడల్ని చూసి నేర్చుకో జర," అన్నాడు మామయ్య. అత్త కూడా నవ్వింది. ఆ సీజన్‌లో ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వింది అదే చివరిసారి.

*

మ్యాచ్ సాయంత్రం ఐదింటికి. మధ్యాహ్నం ఒంటిగంటకు నేను మామయ్యకు అన్నం గిన్నె తీసుకుని పోయాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు నన్ను ఎరుగుదురు. సొరంగం లాంటి దారిలోంచి బయటికి రాగానే ఆకుపచ్చ రంగు కళ్ళలో గుచ్చుకుంది. ఖాళీ కుర్చీల మధ్య మామయ్య ఒక్కడే ఉన్నాడు. మన గ్యాలరీ ముందున్న గోలు దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడికి నడిచి వెళ్ళేసరికి చెప్పుల్లోకి నీళ్ళు వచ్చాయి.

"ఇంత తడి మంచిదేనా మామయ్యా?"

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు.

"సార్ పైపైన తడుపమన్నడు. నేను లోపలికి దిగేదాక కొట్టిన."

"ఎందుకు?"

"మీ ఆయన ఎనిమిదేండ్ల పిలగాడప్పుడు ఈ గోలు కాడనే దునికెటోడు. ఎండకాలం నేల రాయి లెక్కుండేది. పడితె తొంటి కాడ తోలు లేసిపోయేది. 'నాన్నా, జర నీళ్ళు కొట్టవా' అని బతిమాలెటోడు. అందరు పోయినంక కొట్టెటోణ్ణి. ఇగ చూడాలె, కప్ప లెక్క దునుకుడు!" పైపు కొసను బొటనవేలితో నొక్కాడు. నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని గోలు ముందు పడ్డాయి. "మనోళ్ళు ఎప్పుడైన సెకండాఫ్‌ల ఈ గ్యాలరీ దిక్కే గోలు కొట్టనీకె వస్తరు. అంటె అప్పుడు వాడు ఈడ్నే నిలబడ్తడు. మెత్తగుంటె బేఫికర్‌గ దునుకుతడు. నేను చప్పట్లు కొట్టొద్దు, పేరు పెట్టి పిలవొద్దు. నాతోని అయ్యేది గిదొక్కటే."

ఆ ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. మీసాల మీద నీటి తుంపర మెరుస్తోంది.

"ఎవరికీ చెప్పకు బిడ్డా," అన్నాడు.

"మామయ్యా..."

"ఏంది?"

నోరు తెరిచాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఐసు సంచి, నున్నటి మోకాలు, రెండేళ్ళ కాగితం అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నాను.

"తక్కువుంటె ఏమాయె," అని ఆయన నవ్వి మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు.

బయటికి వచ్చి ఫోను చేశాను. స్విచ్ఛాఫ్. మ్యాచ్ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గరే వాళ్ళందరి ఫోన్లూ తీసేసుకుంటారు. అది తెలిసి కూడా పదకొండు సార్లు చేశాను. తర్వాత మెసేజ్ పెట్టాను: 'సెకండాఫ్ గోలు దగ్గర నేల బాగా తడి. కాలు జాగ్రత్త.' దాని పక్కన ఒక్క టిక్కు గీతే పడింది, ఇంకా చేరలేదని. రెండోది పడుతుందేమోనని గేటు పక్కన చాలాసేపు నిలబడ్డాను.

వెనక్కి పోయి మామయ్యకు చెప్పొచ్చు. నాలుగు అడుగులు వేశాను కూడా. అప్పటికే లోపలికి ఇద్దరు ముగ్గురు కోట్లు వేసుకున్న వాళ్ళు, వాళ్ళ వెనక వెంకటరామయ్య సార్ వెళ్తున్నారు. వాళ్ళ ముందు ఏమని చెప్పాలి? ఎండ బాగానే ఉంది కదా, సాయంత్రానికి ఆరకపోతుందా అనుకున్నాను. అలా అనుకునే ఇంటికి వచ్చాను.

*

గ్యాలరీ అంతా నీలం. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చిన పిల్లలు మెడలో ఐడీ కార్డులతోనే డప్పులు కొడుతున్నారు. అత్త కుంకుమ రంగు చీర కట్టుకుని, దాని మీద నీలం చొక్కా వేసుకుని, కొంగు చొక్కాలోకి దోపుకుంది. నా పక్క సీట్లో ఒకమ్మాయి కూర్చుంది. పేరు నీహారిక, సొంతూరు కాకినాడ, మైండ్‌స్పేస్ ఐటీ ఆఫీసుల్లో ఉద్యోగం. మేము అడక్కుండానే ఇవన్నీ చెప్పింది. వేయించిన బఠాణీల పొట్లం మా ముందుకు చాపింది.

"తీసుకోండి ఆంటీ. మొదటిసారి వచ్చారా?"

"ఆఁ," అంది అత్త. కొన్ని తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇంకేం, మన టీముకి మీరే లక్కు. కేకలెయ్యాలండీ మరి, ఇలా ముడుచుక్కూర్చుంటే కుదరదు."

మొదటి సగమంతా మా ఆయన దూరపు గోలు దగ్గర ఉన్నాడు. ఇక్కణ్ణుంచి బొమ్మంత కనిపిస్తున్నాడు. ఎడమ కాలు ఎలా వేస్తున్నాడా అని అదే చూశాను. గోలేమీ పడలేదు.

విరామం అయ్యాక ఆయన మా వైపు నడిచి రాసాగాడు. ఆయన దగ్గరవుతున్న కొద్దీ గ్యాలరీలో గోల పెరిగింది. ఎవరో మొదలుపెట్టారు. డప్పు అందుకుంది.

"గద్దార్! గద్దార్! మధుకర్ గద్దార్!"

నేను ఎన్నడూ పలకని పేరును వేలమంది ఒక్క గొంతుతో పలుకుతున్నారు, ద్రోహి అని. నీహారిక సీటు మీదికెక్కి చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది. దిగి, మాకేసి చూసి సిగ్గుపడింది.

"సారీ అండి. నేను మామూలుగా ఎవర్నీ ఏమీ అనను. వీణ్ణి చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోద్ది. ఇక్కడి అన్నం తిని అక్కడికెళ్ళి..."

"ఎవలి అన్నం బిడ్డా?" అంది అత్త మెల్లగా.

"అదే ఆంటీ, మన టీము పెట్టింది."

అత్త గుప్పిట ఇంకా గట్టిగా మూసింది.

ఆయన గోలు దగ్గరికి వచ్చి రెండు స్తంభాలనూ అరచేత్తో తట్టాడు. తర్వాత గడ్డిని కాలితో నొక్కాడు. బూటు చుట్టూ నీళ్ళు ఊరడం నాకు కనిపించింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా అంతే. నెమ్మదిగా తలెత్తి కార్నర్ జెండా వైపు చూశాడు. గ్రౌండ్ పనివాళ్ళు అక్కడ వరుసగా కూర్చుంటారు. మామయ్య ఆ చివర ఉన్నాడు. మా ఆయన గ్లవ్ తొడుక్కున్న చేతిని నడుము దాకా ఎత్తి దించాడు. ఎవరూ గమనించలేదు. మామయ్య మాత్రం కూర్చున్న చోటే కొంచెం ముందుకు వంగాడు.

ఆ నీళ్ళు ఎవరు పెట్టారో మా ఆయనకు అర్థమైంది. తెలిసే అక్కడ నిలబడ్డాడు.

ఆపైన ఇరవై నిమిషాలు ఆయన ఆడిన ఆట మళ్ళీ ఎవరూ ఆడరు అనిపిస్తుంది నాకు. ఒకసారి కుడివైపు గాల్లోకి లేచి వేలి కొసలతో బంతిని బయటికి తోసి, మెత్తటి నేల మీద జారుకుంటూ పోయి, నవ్వుతూ లేచాడు. గ్యాలరీ ఒక్క క్షణం తిట్లు మరిచిపోయింది. "అబ్బ!" అంది నీహారిక. అత్త కుంకుమ రంగు కొంగును చొక్కాలోంచి లాగి నోట్లో కుక్కుకుంది.

తర్వాతి బంతి ఎడమవైపు వచ్చింది. పెద్ద బంతేమీ కాదు. రెండడుగులు వేసి అందుకోవాలి. మొదటి అడుగుకే ఎడమ కాలు చీలమండ దాకా దిగింది. ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు.

బంతి వలలో పడింది. గ్యాలరీ పేలిపోయినట్టయింది. నీలం జెండాలు మా నెత్తి మీది నుంచి ఊగాయి. ఆయన రెండు చేతులతో మోకాలు పట్టుకుని తల నేలకేసి కొట్టుకుంటున్నాడు.

"నాటకాలు, నాటకాలు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నీహారిక చప్పట్లు కొడుతూ నా వైపు తిరిగి ఆగిపోయింది. నేను నా రెండు చేతుల్నీ నా ఎడమ మోకాలి మీద పెట్టుకుని ఉన్నాను.

"ఏమైందండీ? మీకు తెలిసినాయనా?"

కెమెరా ఒకటి మా వరుస ముందు నుంచి మెల్లగా తిరుగుతోంది. కింద కార్నర్ దగ్గర మామయ్య లేచి పరుగెత్తాడు. తెల్ల గీత దాకా వచ్చాడు. పొద్దున తనే గీసిన గీత. దాన్ని దాటకుండా అక్కడే నిలబడిపోయాడు. చేతులు రెండూ పక్కకు వేలాడుతున్నాయి.

"కాదు," అన్నాను. "మాకేం కాడు."

అత్త తల తిప్పి నన్ను చూసింది. చూసి, గుప్పిట విప్పి, చెమటకు తడిసిన బఠాణీలను ఒక్కటి కూడా కింద పడకుండా నీహారిక పొట్లంలో తిరిగి పోసింది.

*

ఆసుపత్రిలో ఆయన సంచీలోంచి ఫోను తీసి ఎవరో ఆన్ చేశారు. నా మెసేజ్ పక్కన రెండో గీత పడింది. అప్పటికి ఆయన్ని ఆపరేషన్‌కు తీసుకుపోయారు.

డాక్టరు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. లోపల పాత దెబ్బ ఉంది, దాని మీద ఇది. నడవొచ్చు. ఆట సంగతి మరిచిపోవాలి. మంగళూరు వాళ్ళు రెండు రోజులుండి, భుజం తట్టి, వెళ్ళిపోయారు. కాగితం గురించి ఎవరూ మాట్లాడలేదు. మేమూ అడగలేదు. అత్త నాతో పనుల మాటలు మాత్రమే మాట్లాడింది: నీళ్ళు తే, మందులు తే, పక్కకు జరుగు.

ఎనిమిదో రోజు ఇంటికి తెచ్చాం. ముందుగదిలో మంచం వేశాం. కాలు తొడ నుంచి పిక్క దాకా పట్టీలలో ఉంది. సాయంత్రం మామయ్య ఆ మంచం పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఆ కాలినే చూశాడు.

"నాకొకటి సమజ్ గాదురా. మెత్తటి నేల మీద నీకెప్పుడన్న దెబ్బ తాకిందా? గట్టి నేల మీదనే కదా తాకేది. మరి గిప్పుడెట్లయింది?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "కావాల్నని రాసుంది నాన్నా, అయింది. ఇడ్సిపెట్టు."

"డాక్టరేమో పాత దెబ్బ అంటున్నడు. ఎప్పటిది?"

"ఇడ్సిపెట్టమన్న గదా."

"నువ్వే చెప్పు, మెత్తగుండుడు మంచిదే గదా? నేను కావాల్ననే..."

అంతవరకూ విని వంటింటి గడపలోంచి ముందుగదిలోకి వచ్చాను. ఆయన దాచుకుంటున్నకొద్దీ మామయ్య అడుగుతూనే ఉంటాడు. ఇవాళ కాకపోతే రేపు, ఇంకెవరినో అడుగుతాడు.

"దీపావళి సంది మోకాలు వాసింది మామయ్యా," అన్నాను. "మెత్తటి నేలల తిరిగితె పోతదని డాక్టర్ అప్పుడే చెప్పిండు. నాకెరికె. నువ్వు నీళ్ళు కొడుతుంటె చూసిన. చెప్పలే."

ఆ ఇంట్లో నేను అంత పొడవు మాట మాట్లాడటం అదే మొదటిసారి.

"మూగదనుకున్న పిల్లకు గిప్పుడొచ్చింది నోరు," అంది అత్త గోడ వైపు చూస్తూ.

"నేనే చెప్పొద్దన్న అమ్మా," అన్నాడు ఆయన.

"నేను గూడ చెప్పొద్దన్న," అన్నాడు మామయ్య.

అప్పుడే మామయ్య ఫోను మోగింది. వెంకటరామయ్య సార్ గొంతు బయటికే వినిపించింది. ఆదివారం మ్యాచ్ ఉంది. గోలు ముందు ఆ రోజు బూటుకు గడ్డి లేచిపోయి గొయ్యి పడింది కదా, ఇంకా అలాగే ఉంది. రేపు పొద్దున్నే వచ్చి కొత్త గడ్డి పరిచి దాన్ని పూడ్చాలి. అది మరొకరికి అప్పజెప్పే పని కాదు, రామచంద్రమే చెయ్యాలి.

"అచ్ఛా సార్," అన్నాడు మామయ్య.

*

పొద్దున ఆరింటికి నేను బయటి వరండాలో మామయ్య గమ్‌బూట్లు కడిగి గోడకు బోర్లించాను. వరండా అంతా నీళ్ళయ్యాయి. అన్నం గిన్నె కట్టి గడప పక్కన పెట్టాను. అత్త డ్యూటీకి పోవడానికి జడ వేసుకుంటోంది.

మామయ్య ప్యాంటు వేసుకుని వచ్చాడు. మోకాళ్ళ దగ్గర తెల్లరంగు అలాగే ఉంది. కొడుకు మంచం దగ్గర ఆగాడు. మా ఆయన మెలకువగానే ఉన్నాడు, కళ్ళు తెరవలేదు. పట్టీల కాలి మీది నుంచి దుప్పటి జారి ఉంది. మామయ్య దాన్ని సర్దడానికి చేయి చాపి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు.

రోజూ గడప దాటేముందు ఆయన "పోయొస్త బిడ్డా" అంటాడు. నేను లోపలి నుంచి "ఊఁ" అంటాను. పెళ్ళైన రోజు నుంచీ అంతే. ఆ రోజు నేను కుళాయి కట్టేసి, స్టవ్ తగ్గించి, చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాను.

ఆయన బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. గిన్నెను గడప పక్కనే వదిలేశాడు. వరండా అంచున నిలబడి, నేను పోసిన నీళ్ళ వైపు కాసేపు చూశాడు. తర్వాత, తడి మీద కాలు పడకుండా, గోడ వారగా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్ళి మెట్లు దిగాడు.